రొట్టెల పద్దు

నేను తుపాకీ పేల్చింది రెండే సార్లు,
రెండూ ఖాళీ డబ్బాల మీద.
నా ఆయుధం పెన్సిల్.
సిరా గడ్డకట్టే చోట ఇంకేం పట్టుకుంటాం?

మూడో కంపెనీ గుమస్తాని.
తెల్లారి ఆరింటికి
(తెల్లారి అన్నది మాట వరసకే,
ఫిన్లాండులో జనవరి సూర్యుడు
తొమ్మిది దాటితేగాని లేవడు)
సెక్షన్ల నించి కాగితాలొస్తాయి నా గుడారానికి.

సెక్షన్‌లో వాళ్ళు పేర్లు:
సులో, రెయినో, గురకపెట్టే అల్పో.
ప్లటూన్ దాకా వచ్చేసరికి తొమ్మండుగురు.
నా దగ్గర తొమ్మిది మంది.
బెటాలియన్‌లో ఉత్త తొమ్మిది.
ఆ పైన రెజిమెంట్ కూడికలో
ఆరూ తొమ్మిదీ పదిహేను,
ఐదు వేసి చేతిలో ఒకటి.
ఆ చేతిలో ఒకటిలో
సులో ఉన్నాడో, అల్పో ఉన్నాడో!
డివిజన్‌లో మేమంతా కలిసి
పటం మీద గుచ్చిన నీలం గుండుసూది.

మనుషులు అలా పైకెక్కుతారు.
మాట ఇలా కిందికి దిగుతుంది:
జనరల్ గారి కాగితం మీద
"సరస్సు తూర్పు తీరమును నిలుపుకొనవలెను."
కల్నల్ నోట "నిలుపుకోవాలి."
మా కెప్టెన్ హొంకసాలో టెలిఫోన్‌లో "నిలబడండి."
కార్పొరల్ కెట్టునెన్ మంచులో పాక్కుంటూ వెళ్ళి
"ఒరే అల్పో, ఈ దుంగ వెనక పడుకో. అటు చూడు."

ఇక రొట్టె సంగతి.
ఇవాళ్టి అంకెకి రేపు రొట్టె వస్తుంది.
చచ్చిపోయినవాడి రొట్టె
ఒకరోజు ఆలస్యంగా
వాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది,
గుర్రం లాగే మంచుబండి మీద,
గొడ్డలితో పగలగొట్టాల్సినంత గట్టిగా.
ఎవరూ ఏమీ అనరు.
పంచుకుంటారు.

ఆ రాత్రి ఒకే మోర్టారు గుండుకి
సులో, రెయినో పోయారు.
పొద్దున కెట్టునెన్ కాగితంలో: తొమ్మండుగురు.
తనే తెచ్చాడు.
నా పొయ్యి ముందు నిలబడితే
కనురెప్పల మీది మంచు కరిగి గడ్డంలోకి కారింది.
"ఇంకొక్క రోజు," అన్నాడు.
"నాలుగు రోజులైంది కుర్రాళ్ళు కడుపునిండా తిని."
రాశాను.
అంత గుండ్రంగా, అంత శ్రద్ధగా
నా జన్మలో ఇంకే తొమ్మిదీ రాయలేదు.

రొట్టె కంటే ముందు ఆర్డరొచ్చింది.
బెటాలియన్‌లో మేజర్ నా తొమ్మిదిని నమ్మాడు.
ఆయన తప్పేం లేదు, అంకెల్ని నమ్మడమే ఆయన ఉద్యోగం.
కెట్టునెన్‌కి మనుషులున్నారుగా,
ఎడమ పక్క ఇంకో రెండొందల అడుగులు
వాళ్ళకే ఇవ్వమన్నాడు.

కెప్టెన్ టెలిఫోన్ మూతి చేత్తో మూసి
నా వైపు తిరిగాడు. "అక్కడ ఎంతమంది?"
చెప్పొచ్చు.
పొయ్యిలో కట్టె చిటపటమంది.
"తొమ్మిది మంది, సార్."

ఆ రాత్రి కెట్టునెన్
ఏడుగుర్ని ఏడు చోట్ల పెట్టాడు.
మిగిలిన రెండు చోట్ల
సులోనీ రెయినోనీ కూర్చోబెట్టాడు.
చలికి కొయ్యబారి ఉన్నారు, పక్కకి ఒరగలేదు.
తుపాకులు ఆనించాడు, టోపీలు సర్దాడు.
రెయినో మెడకి మఫ్లరు కూడా చుట్టాడట,
ఎందుకో తనకే తెలీదన్నాడు తర్వాత.

అవతలి గట్టు నించి ఎవరూ రాలేదు.
తెల్లవార్లూ తొమ్మిది టోపీలు
వెన్నెల్లో సరస్సుని చూస్తూ ఉన్నాయి.
నా పద్దు అబద్ధం కాలేదు.

పొద్దున రొట్టెలొచ్చాయి, తొమ్మిది మందివి.
వెనకే కెట్టునెన్ కాగితం:
ఏడుగురు.
రిమార్కుల గడిలో వంకర అక్షరాలతో
"ఇద్దరు కాపలా దిగారు."

ఆ గడి పై కాగితంలో ఉండదు.
ఏడు అని రాసి
పెన్సిల్ చెక్కుకున్నాను.